మూడు దశాంశాల భక్తి

సొంత ఊరి బేస్‌బాల్ జట్టును అభిమానించడం వినోదమని అమెరికాలో ఇంకా కొందరు అమాయకులు నమ్ముతున్నారు. ఆ అపోహ తొలగాలి. మార్చి చివర మొదలై సెప్టెంబర్ చివరిదాకా సాగే ఈ వ్యవహారం శుద్ధ గుమాస్తాగిరీ. జీతం ఉండదు, సెలవుండదు, పైగా కూర్చునే కుర్చీకి మనమే ఎదురు కట్టాలి. గెలుపోటములు ఆటగాళ్ల పని, అందుకు వాళ్లకు డబ్బు ముడుతుంది. అభిమాని పని చిట్టా రాయడం. చిత్రగుప్తుడు యుద్ధంలో దిగడు కదా, ఇదీ అంతే.

ముందు పనిభారం సంగతి. పై స్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లో సీజన్‌కి జట్టుకు 162 ఆటలు, అందులో 81 సొంత మైదానంలో. 2022లో తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆట సగటున 3 గంటల 4 నిమిషాలు పట్టేది. 2023లో పిచ్ క్లాక్ తెచ్చారు. బేసులు (పరుగు కోసం చుట్టి రావాల్సిన మూలలు) ఖాళీగా ఉంటే పిచర్ 15 సెకన్లలో బంతి వేయాలి, వాటి మీద రన్నర్ ఉంటే 20లో (మరుసటి ఏడు 18 చేశారు). దాంతో సగటు 2 గంటల 40 నిమిషాలకు దిగింది. అంటే ఇదివరకు రాత్రి పదింటికి ఓడిపోయే జట్టు ఇప్పుడు తొమ్మిదీ ముప్ఫయ్యారుకే ఓడిపోతోంది. ఆధునికత అంటే ఇదే. 162ని 160 నిమిషాలతో గుణిస్తే 432 గంటలు, అక్షరాలా 18 రోజులు. కురుక్షేత్రం కూడా పద్దెనిమిది రోజులే. అక్కడ మాత్రం మరుసటి ఏడాది మళ్లీ రమ్మని ఎవరూ టికెట్లు అమ్మలేదు.

ఏ జట్టయినా 54 గెలుస్తుంది, 54 ఓడుతుంది, మిగిలిన 54తో ఏం చేసిందన్నదే సీజన్ అని ఈ ఆటలో పాత మాట ఒకటుంది. ఎంత చెత్త జట్టుకైనా మూడోవంతు గెలుపు రాసిపెట్టి ఉందని చెప్పే కరుణామయ సిద్ధాంతమది. 2024లో షికాగో వైట్ సాక్స్ 41 గెలిచి, 121 ఓడి దాన్ని కొట్టిపారేసింది. మధ్యలో వరసగా 21 ఓటములు. 1962లో న్యూయార్క్ మెట్స్ 120 ఓడి పేరుప్రఖ్యాతులు సంపాదించుకుంటే, అరవై రెండేళ్లు పదిలంగా ఉన్న ఆ కీర్తినీ లాగేసుకుంది. ఈ సీజన్‌ని చివరిదాకా చిట్టాలో రాసినవాళ్లెవరో కనిపెట్టి, దేశంలో ఏ ఆడిట్ పని ఉన్నా పరీక్ష లేకుండా వాళ్లకే అప్పగించాలి.

సరంజామాకి ఖర్చు తక్కువే. ఒక స్కోర్‌కార్డు, వెనక రబ్బరున్న పెన్సిల్. పెన్ను పట్టుకొచ్చేవాడు ఈ ఆటకి కొత్త. అధికారిక స్కోరర్ ముందు ఫీల్డర్ తప్పని చెప్పి, ఆట ముగిసిన 24 గంటల్లోపు మనసు మార్చుకుని దాన్ని హిట్ (బ్యాటర్ తన దెబ్బతోనే బేస్ చేరాడన్న ఘనత) చేయవచ్చు. విధి లిఖితానికి లేని సౌకర్యం ఇది. ఫీల్డర్లకు పేర్లుండవు, అంకెలుంటాయి. పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, సెకండ్, థర్డ్ బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, వెనక ఎడమ నుంచి కుడికి 7, 8, 9. ఇవి స్థానాల అంకెలు. కొత్తవాళ్లు చొక్కా వెనక నంబరు రాసుకుని, మూడో ఇన్నింగ్స్‌కల్లా తాము రాసింది తామే చదవలేని స్థితికి వస్తారు. షార్ట్‌స్టాప్ బంతి ఆపి సెకండ్‌కి, అక్కడివాడు ఫస్ట్‌కి విసిరితే 6-4-3, ఒక్క దెబ్బకు ఇద్దరు ఔట్. మూడు స్ట్రైకులకు ఔటయ్యే స్ట్రైకౌట్‌కి ‘కె’ అనే ఇంగ్లిష్ అక్షరం. బ్యాట్ ఊపకుండా గుడ్లప్పగించి చూస్తూ ఔటైతే అదే అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిప్పి రాయాలి. ఊపినవాడికీ ఊపనివాడికీ శిక్ష ఒక్కటే అయినా, పాపాలు వేరు గనక పద్దులూ వేరు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకే ఇన్నింగ్స్‌లో తొమ్మిదిమందీ వచ్చి మొదటివాడు మళ్లీ బ్యాట్ పట్టుకుంటే వాడి గడి అప్పటికే నిండి ఉంటుంది. పక్క ఇన్నింగ్స్ గడిలోకి జరిగి, అక్కణ్నుంచి పైనున్న అంకెలన్నీ ఒక్కొక్కటి దిద్దుకోవాలి. మన జట్టు బ్యాటింగ్ పేజీలో ఈ అవసరం ఎందుకో అరుదుగా పడుతుంది. రెండోది, 2020 నుంచి, ప్లేఆఫ్స్ తప్ప, అదనపు ఇన్నింగ్స్ ప్రతిదీ సెకండ్ బేస్ మీద ఒక రన్నర్‌తో మొదలవుతుంది. వాడు హిట్ కొట్టలేదు, నాలుగు చెడ్డ బంతుల పుణ్యాన నడిచి రాలేదు, ఏమీ చేయలేదు, అయినా అక్కడున్నాడు. వాడు పరుగు చేస్తే జట్టు ఓడిపోతుంది గాని పిచర్ పరుగులిచ్చే సగటు మీద మచ్చ పడదు. నేరం జరిగింది, నేరస్థుడు లేడు. ఇలాంటి తీర్పులు రాసిరాసి చెయ్యి నొప్పి పుట్టినప్పుడు ఫిల్ రిజుటోని స్మరించుకోవాలి. న్యూయార్క్ యాంకీస్ ఆటలకు వ్యాఖ్యానం చెప్పిన ఆ మహానుభావుడు తన స్కోర్‌కార్డులో కొన్ని గడుల్లో ‘డబ్ల్యూ డబ్ల్యూ’ అని రాసుకునేవాడు. ‘నేను చూడలేదు’ అని దానర్థం. ఈ శాస్త్రంలో అంతకంటే నిజాయతీగల పద్దు లేదు.

దశాంశాలను తేలిగ్గా తీసుకునేవాళ్ల కోసం ఒక్క ఉదాహరణ. 1941లో సీజన్ ఆఖరి రోజు పొద్దున బోస్టన్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ హిట్ల సగటు (హిట్లను బ్యాటింగ్ అవకాశాలతో భాగిస్తే వచ్చేది) .39955. సవరిస్తే .400 అవుతుంది, ఇంట్లో కూర్చోవచ్చు. ఆయన రెండు ఆటలూ ఆడి, ఎనిమిదింటికి ఆరు హిట్లు కొట్టి .406 చేశాడు. ఆ తర్వాత అమెరికన్, నేషనల్ లీగుల సీజన్లలో .400 అందుకున్నవాడు లేడు. గొప్పే. కానీ మన జట్టులో .211 బ్యాటర్ .208కి దిగితే పడే బాధకి కూడా అవే మూడు స్థానాలు కావాలి.

జూలై చివరికొచ్చేసరికి అసలు గణితం మొదలవుతుంది. పట్టికలో పైనున్న జట్టు 60 గెలిచి 40 ఓడింది, మనది 52 గెలిచి 47 ఓడింది. గెలుపుల తేడా 8, ఓటముల తేడా 7, కలిపి సగం చేస్తే ఏడున్నర ఆటల వెనక. సగం ఆట ఎలా ఆడతారని అడక్కండి. డ్రా అనే దయ లేని ఈ ఆటలో ఓదార్పు అంటూ ఉన్నది ఆ సగమే. ఇక పైవాడు టైటిల్ ఖాయం చేసుకునే మ్యాజిక్ నంబరు కావాలంటే 163లోంచి వాడి గెలుపులూ, వెంబడించేవాడి ఓటములూ తీసేయాలి. వాడివి 88, మనవి 70 అయితే మిగిలేది 5. 2022 నుంచి సమానమైనప్పుడు ఆడే 163వ ఆట రద్దయింది గనక, ముఖాముఖి లెక్కలో వాడిదే పైచేయి అయితే ఇంకొకటి తగ్గించాలి. ఇదంతా తేలిక. కష్టమైనది పైథాగరస్ విద్య. చేసిన పరుగుల వర్గాన్ని, చేసినవాటి, ఇచ్చినవాటి వర్గాల మొత్తంతో భాగించి, 162తో గుణించాలి. 720 చేసి 680 ఇచ్చిన జట్టు ఈ లెక్కన దాదాపు 86 గెలవాలి. 78 గెలిచిందా? అయితే జట్టు మంచిదే, విశ్వమే తప్పు చేసింది. ఓడే జట్టు అభిమానులంతా ఈ సూత్రాన్ని నోటికి అప్పజెప్పగలగడానికి కారణం అదే.

ఇంత చదువూ చదివాక ఆట చూడాలి కదా. ఏళ్ల తరబడి లీగ్ తన స్ట్రీమింగ్ సేవలో దేశంలోని జట్లన్నిటి ఆటలూ చూపించి, మీ ఊరి జట్టువి మాత్రం ఆపేసింది. ఆ ప్రాంతపు హక్కులు స్థానిక టీవీ చానెల్ కొనుక్కుంది మరి. ఐయొవా రాష్ట్రంలో ఒక్క మేజర్ లీగ్ జట్టు కూడా లేదు. అయినా చుట్టుపక్కల ఆరు జట్లు అది తమ ఇలాకా అన్నాయి గనక ఆరింటి ఆటలూ అక్కడ కనబడేవి కావు. అన్నం పెట్టే ఇల్లు లేదు గాని, తినొద్దనే అత్తలు ఆరుగురు. ఆ చానెళ్లలో చాలావాటిని నడిపిన డైమండ్ స్పోర్ట్స్ గ్రూప్ 2023 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. లెక్కలు అభిమానికి వదిలేసి ఉంటే బాగుండేది.

జూలై ఒకటిన బాబీ బొనీయా తిథి. 1999లో మెట్స్‌కి చివరిసారి ఆడిన ఆయనకు ఆ జట్టు వాయిదా వేసుకున్న జీతం బాకీ కింద 2011 నుంచి 2035 దాకా ఏటా ఆ తేదీన 11,93,248 డాలర్ల 20 సెంట్లు చెల్లిస్తోంది. ఆ 20 సెంట్లలోనే ఈ ఆట నిజాయతీ ఉంది. జూలై చివరో ఆగస్టు మొదట్లోనో ఆటగాళ్ల మార్పిడి గడువు. ఓడుతున్న జట్టు ఉన్న ఒక్క మంచి పిచర్ని ఇచ్చేసి, పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లనూ, ‘పేరు తర్వాత చెప్పబోయే ఆటగాడి’నీ తెచ్చుకుంటుంది. ఈ పద్ధతికి పరాకాష్ఠ హ్యారీ చిటి. 1962లో పేరు తర్వాత చెప్పబోయే ఆటగాడికి బదులుగా క్లీవ్‌లాండ్ నుంచి మెట్స్‌కి వచ్చాడు. తర్వాత చెప్పిన పేరు హ్యారీ చిటి. తన వెల తనే చెల్లించి వెనక్కి వెళ్లాడు.

సెప్టెంబర్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పన్నెండు జట్లు టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి, మీది వెళ్లదు. వెళ్లినా సియాటిల్ మెరినర్స్‌ని గుర్తుంచుకోవాలి. 2001లో 116 గెలిచి, ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌కి చేరకుండానే ఆగిపోయి, మళ్లీ ప్లేఆఫ్స్ మొహం చూడ్డానికి 2022 దాకా పట్టింది.

పోతే, ‘సొంత ఊరి’ అన్న మాట. ఓక్లాండ్‌లో 2024 సెప్టెంబర్ 26న అథ్లెటిక్స్ తమ కొలీజియంలో ఆఖరి ఆట టెక్సస్ మీద 3-2తో గెలిచింది. స్టాండ్స్‌లో 46,889 మంది. మూడు రోజుల తర్వాత సీజన్ ముగిసేసరికి జట్టు 69 గెలిచి 93 ఓడింది. ఆ జట్టు ఉన్న గుంపును (డివిజన్) గెలిచిన హ్యూస్టన్ 88-73 (ఒక ఆట వానకి పోయింది, 161 అని కంగారు పడకండి). 19కి 20 కలిపి సగం చేస్తే పందొమ్మిదిన్నర ఆటల దూరం. జట్టు వెళ్లి ఆడుతున్న వెస్ట్ శాక్రమెంటో మాత్రం ఓక్లాండ్‌కి సుమారు 80 మైళ్లు. అది కారు మీటరు లెక్క.