బుక్‌చోన్‌లో మనుషులు కాపురముండటం అవసరమా?

దక్షిణ కొరియా రాజధాని సోల్ (సియోల్) నగరం నడిబొడ్డున బుక్‌చోన్ అనే పేట ఉంది. ఉత్తరపు ఊరు అని దాని అర్థం. పడమట గ్యోంగ్‌బోక్‌గుంగ్ రాజభవనం, తూర్పున చాంగ్‌దోక్‌గుంగ్ రాజభవనం, ఆ రెండింటి నడుమ కొండవాలు మీద ఒకదాని భుజాన ఒకటి తల వాల్చినట్టు పెంకుటిళ్లు. వాటిని హనోక్‌లంటారు. చెక్క స్తంభాలు, మట్టి గోడలు, నడుమ ముంగిలి, ఎగరబోయే కొంగ రెక్కల్లా అంచులు పైకి లేచిన చూరులు. ఎగువ నుంచి చూస్తే పెంకుల వరసల మీదుగా దూరాన నమ్‌సాన్ కొండ, దాని మీద టవరు కనిపిస్తాయి. ఇంత చక్కటి పేటకు ఒక్కటే లోపం. ఆ ఇళ్లలో మనుషులుంటున్నారు.

ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. నేను చూసిన ఫొటోల్లో మనుషులు లేరు. ఉన్నా, హన్‌బోక్ అనే కొరియా సంప్రదాయ దుస్తులు అద్దెకు తెచ్చి కట్టుకుని వీపు చూపిస్తూ నిలబడ్డ అమ్మాయిలే. తీరా నేను అన్గుక్ స్టేషన్‌లో దిగి, రొప్పుతూ ఎత్తు ఎక్కి, ఇత్తడి కడియాలున్న ఒక తలుపు ముందు చొక్కా సర్దుకుని నిలబడేసరికి ఆ తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి ఒక పెద్దమనిషి చెత్త సంచీతో బయటికి వచ్చాడు. హన్‌బోక్ లేదు. మోకాళ్ల దగ్గర సాగిపోయిన ట్రాక్ ప్యాంటు. వీసాకు, విమానానికి, హోటలుకు డబ్బు పోసి వచ్చిన మనిషికి రాజుల కాలపు కొరియాను, అంటే చోసోన్ రాజ్యాన్ని, చూపించాల్సిన గుమ్మం చూపించింది ఇదీ. ఆయన మొహంలో కాస్త పశ్చాత్తాపమైనా కనిపిస్తే సరిపెట్టుకునేవాణ్ని.

అక్కడి ప్రభుత్వం ఎవరి పక్షాన ఉందో తెలిశాక నా బాధ రెట్టింపయింది. 2018లో, దయచేసి పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు లోపే రండి, ఆదివారం రాకండి అని పర్యాటకులను బతిమాలారు. బతిమాలితే వినే అలవాటు మా జాతికి లేదు. దాంతో చోంగ్నో జిల్లా కార్యాలయం 2024లో ఈ పేటను ప్రత్యేక నిర్వహణ ప్రాంతంగా ప్రకటించింది. లోకమంతా ఫొటోలు దిగే ఆ ఎత్తు వీధికి ఎర్ర మండలమని పేరు పెట్టింది. సాయంత్రం ఐదు దాటాక, మర్నాడు పది కొట్టేలోపు అక్కడ పర్యాటకుడు దొరికితే లక్ష వన్‌ల జరిమానా. 2025 మార్చి నుంచి అమలు. మన డబ్బులో సుమారు ఆరు వేల రూపాయలు. అక్కడి కాపురస్తులకు, వాళ్ల చుట్టాలకు, ఆ వీధిలో బస చేసేవాళ్లకు, దుకాణాలకు వచ్చేవాళ్లకు మినహాయింపు ఉంది. అంటే నడవటం నేరం కాదు, చూడటం నేరం. రాత్రి ఎనిమిదింటికి ఆ వీధిలో తల వంచుకుని పోయేవాడు మర్యాదస్తుడు. తల ఎత్తి చూరు వంక చూశాడా, దోషి.

నేను లెక్కల మనిషిని కాను గాని ఈ ఒక్క లెక్క వేశాను. పేటలో కాపురముండేవాళ్లు సుమారు ఆరు వేలు. ఏటా వచ్చే సందర్శకులు అరవై లక్షల పైమాటే. తలకు వెయ్యి మంది. నలుగురున్న ఇంటికి రోజుకు పదకొండు మంది అతిథులన్నమాట. మన వైపు పదకొండు మంది ఒక్కసారి గుమ్మంలోకి వస్తే, ఇంటావిడ నవ్వుతూ పలకరిస్తూనే డికాక్షను ఎంత మిగిలిందో మనసులో కొలుచుకుంటుంది. బుక్‌చోన్‌లో మంచినీళ్లు కావాలా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పైగా మౌనంగా ఉండమని బోర్డులు, ఆ బోర్డులు పట్టుకుని నిలబడ్డ మనుషులు. కొరియన్, ఇంగ్లీషు, చైనా, జపాన్ భాషల్లో రాశారు. తెలుగులో లేదు కనుక మనకు వర్తించదని మా బృందంలోని వకీలుగారు అభిప్రాయపడ్డారు. ఆ అభిప్రాయం వీధి చివరి ఇంటిదాకా వినిపించింది.

ఈ దుస్థితికి మూలపురుషుడెవరా అని చరిత్ర తిరగేశాను. పేట పాతదే. చోసోన్ కాలంలో యాంగ్‌బాన్ అనే దొరల కుటుంబాలు రాజుగారి కొలువుకు దగ్గరని ఇక్కడ పెద్ద పెద్ద లోగిళ్లు కట్టుకున్నాయి. అయితే మనం ఆరు వందల ఏళ్ల చరిత్ర అని రాసి ఫొటో పెట్టుకునే ఇళ్లలో చాలా భాగం 1920, 30 దశకాల్లో కట్టినవి. మా తాతగారి కంటే వయసులో చిన్నవి. వాటిలో ఎన్నింటినో కట్టినవాడు జోంగ్ సేగ్వోన్ అనే గృహ నిర్మాణ వ్యాపారి. మనకు అర్థమయ్యే మాటలో చెప్పాలంటే వెంచరు వేశాడు. పెద్ద స్థలాలు కొని, ముక్కలు చేసి, ముక్కకొక బుల్లి హనోక్ కట్టి అమ్మాడు. అప్పుడు కొరియా జపాన్ చేతిలో ఉంది. చోంగ్గ్యేచోన్ వాగుకు దక్షిణాన స్థిరపడ్డ జపానీయులు ఉత్తరానికి పాకుతున్నారు. సామాన్యులు కొనగలిగిన ధరలో కొరియా ఇళ్లు కట్టి నింపేస్తే ఊరు చేజారదని ఆయన పట్టుదల. కొరియా భాషకు నిఘంటువు కూర్చుతున్న పండితుల సంఘానికి 1935లో ఈ పేటలోనే ఒక భవనం ఇచ్చాడు. 1942లో ఆ సంఘం మీద పెట్టిన కేసులో తనూ పోలీసుల పాలయ్యాడు.

గొప్పవాడే, కాదనను. కాని ఇంత ఆలోచించినవాడు, రేపు ఫొటోలకు ఎంత అడ్డమో ఆలోచించవద్దా? ఇళ్లను కాపురాల కోసం కట్టాడు. తప్పు అక్కడే జరిగింది.

మా ఇంట్లో ఆ తప్పు జరగకుండా చూసుకున్నాం. ఊళ్లో మా మండువా లోగిలి వానకు కారుతోందని పడగొట్టి స్లాబు వేశాం. సింహద్వారాన్ని ఎవరో కొనుక్కుపోయి ఊరి బయట రిసార్టులో నిలబెట్టారు. దాని వెనక ఇల్లు లేదు, మనుషులు లేరు, చెత్త సంచీ లేదు. ఎంతసేపైనా ఫొటో దిగవచ్చు.

కోపంతో ఆకలి వేసింది. సమ్‌చోంగ్‌దోంగ్ వైపు దిగితే 1976 నుంచి నడుస్తున్న ఒక చిన్న కొట్టు ఉంది. దాని పేరు 'సోల్‌లో రెండోదిగా బాగా చేసే ఇల్లు'. నేను పరాచికాలాడటం లేదు, బోర్డు మీద రాసుకున్న పేరే అది. ఈ పేరు నన్ను చాలాసేపు కలవరపెట్టింది. మన దగ్గర రెండో కొట్టు అనేదే లేదు. ప్రతి బిర్యానీ హోటలూ అసలైనదే, ప్రతి కాజా కొట్టూ మొట్టమొదటిదే. ఎదురెదురుగా ఉన్న రెండు కొట్లూ ఒకే తాతగారి ఫొటోకు దండ వేసి, అవతలివాడు నకిలీ అని బోర్డు పెట్టుకుంటాయి. రెండోవాణ్నని తనంతట తాను ఒప్పుకున్నవాడితో బేరం ఎలా ఆడాలో కూడా తెలియదు. భయపడుతూనే దన్‌పత్‌జుక్ చెప్పాను. చిన్న ఎర్ర గింజలను మెత్తగా ఉడికించి, తీపి కలిపి, పొగలు కక్కేలా గిన్నెలో పోసి ఇచ్చారు. పైన చెస్ట్‌నట్, గింగ్కో గింజలు, దాల్చినచెక్క పొడి. అడుగున బంకలా సాగే బియ్యప్పిండి ఉండ. పాలతాలికల్లో పాలకు బదులు పూర్ణం పోస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మొదటి కొట్టు ఎక్కడుందో కనుక్కోవాలన్న ఆలోచన గిన్నె ఖాళీ అయ్యాక గాని రాలేదు. అప్పటికి లేచే ఓపిక లేదు.

ఆ ఎర్ర పూర్ణం నుంచి ఆ దేశంలో తప్పించుకోలేం. వేసవిలో మంచు తురుము మీద ఉంటుంది, చలికాలంలో చేప ఆకారపు రొట్టె కడుపులో ఉంటుంది. ఇన్సాదోంగ్‌లో స్సమ్‌జీగిల్ అని, నత్తగుల్లలా చుట్టూ తిరుగుతూ పైకెక్కే అంగళ్ల భవనం ఉంది. అక్కడ అదే పూర్ణాన్ని, పొద్దున్నే పెరట్లోకి వెళ్లి చేసే పని ఆకారంలో ఉన్న రొట్టెలో నింపి అమ్ముతారు. పేరు కూడా దాపరికం లేకుండా అదే. మా అమ్మమ్మ మడి కట్టుకుని పూర్ణం ఉడికించేది. ఆవిడను తలుచుకుని, కళ్లు మూసుకుని రెండు తిన్నాను. మొదటిది పరిశోధన కోసం.

ఆ వీధిలోనే కుల్తరే అమ్ముతారు. తేనె, మాల్ట్ కలిపి గట్టిపరిచిన ఉండకు నడుమ చిల్లు చేసి, మొక్కజొన్న పిండిలో ముంచి లాగి మడుస్తారు. రెండు పోగులు, నాలుగు, ఎనిమిది. పద్నాలుగు మడతలకు 16,384 పోగులు. కుర్రాళ్లు ఆ అంకెలను పాటలా పాడుతూ, మనం ఏ దేశం వాళ్లమో కనిపెట్టి రెండు ముక్కలు మన భాషలో కలుపుతారు. పూతరేకు కాగితమైతే ఇది దారం. లోపల పప్పుల పొడి. ఇన్ని పోగులూ నోట్లో ఒక్క క్షణంలో కరిగిపోతే లెక్క సరిచూసుకునేది ఎలాగన్న ప్రశ్నకు మాత్రం వాళ్ల పాటలో జవాబు లేదు.

రాజభవనం గురించి ఎక్కువ చెప్పను. గ్యోంగ్‌బోక్‌గుంగ్ టికెట్టు మూడు వేల వన్‌లు. హన్‌బోక్ వేసుకుని వస్తే ఉచితం. ఆ మూడు వేలు ఆదా చేయడానికి అంతకు ఎన్నో రెట్లు పోసి బట్టలు అద్దెకు తెచ్చుకున్నవాళ్లలో మా వకీలుగారు ఒకరు. పొదుపరి.

నా మనసు కుదుటపడింది అదే ఊళ్లోని ఇక్సోన్‌దోంగ్ అనే మరో హనోక్‌ల పేటలో. అదీ సేగ్వోన్ వేసిన వెంచరే. 2004లో ఆ ఇళ్లను పడగొట్టి ఎత్తైన భవనాలు కట్టాలని ప్రాంతాన్ని గుర్తించారు. అది ముందుకు సాగలేదు. 2018లో హనోక్‌లను కాపాడాలని తేల్చారు. ఇళ్లు బతికాయి. ఈలోగా ఒక్కో ఇల్లూ ఒక్కో కాఫీ కొట్టయింది, అద్దెలు పెరిగాయి, ఉన్నవాళ్లు సామాను సర్దుకున్నారు. బుక్‌చోన్‌లో చట్టాలు చేసి చేతకాని పనిని ఇక్కడ కేకులు సాధించాయి. ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు, ఎవరిదో పడకగదిలో కేకు, ఎవరిదో ముంగిట్లో మడుగు కట్టి దాని ఒడ్డున కాఫీ. ష్, మెల్లగా మాట్లాడండి అనే నాథుడు లేడు. ఒక ఇంటి ముందు యాభై మంది వరసలో ఉన్నారు. ఉప్పు రొట్టె కోసమట. పైన ఉప్పు పలుకులు, లోపల కరిగిన వెన్న. పుట్టింది జపాన్‌లో. జపాన్ వాళ్లు అడుగు పెట్టకూడదని కట్టిన ఇంట్లో జపాన్ రొట్టె కోసం కొరియా కుర్రాళ్లు అరగంట నిలబడ్డారు. సేగ్వోన్ గారు చూస్తే ఏమనేవారో తెలియదు. ఆ వెన్న వాసనకు ఆయనా వరసలో చేరేవారనే నా నమ్మకం.

అక్కడా ఒక చిక్కు వచ్చింది. ఏ తలుపుకు గురి పెట్టినా ఫొటోలో ఇరవై తలలు. అందరూ నాలాంటివాళ్లే. చరిత్రను ప్రశాంతంగా చూడనివ్వరు.

నాలుగూ ముప్పావుకు మళ్లీ బుక్‌చోన్ ఎత్తు ఎక్కాను. బోర్డులవాళ్లు కింది నుంచి జనాన్ని మెల్లగా తోలుకొస్తున్నారు. వీధి దాదాపు ఖాళీ. వాలిన ఎండ పెంకుల మీద పడుతోంది. పొద్దున్నటి తలుపుకు రెండిళ్ల ఎగువన మరో తలుపు, ఇంకా అందమైనది. మోకాలు వంచి గురి చూసుకుంటుండగా అది సగం తెరుచుకుంది. ఒక ముసలావిడ, చేతిలో మడిచిన కూరల సంచీ. బజారుకు కాబోలు. నా ఫోను వంక చూసింది. తిడుతుందేమోనని, నాకు వచ్చిన భాషలన్నిటిలో క్షమాపణలు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ తిట్టలేదు. అలవాటైన పనిలా తల కొంచెం వంచి, ఒక అడుగు వెనక్కి వేసి, తన ఇంట్లోకి తనే తిరిగి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.

ఫొటో చక్కగా వచ్చింది. మనుషులెవరూ లేరు.