దూరాన ఉన్నవాళ్ల మాట ఎంతవరకు చెల్లాలి?

2009 అక్టోబర్ మొదట్లో అర్మేనియా అధ్యక్షుడు సెర్జ్ సర్గ్‌స్యాన్ పారిస్‌లో కోమిటాస్ విగ్రహం దగ్గరికి వెళ్తే, అక్కడ గుమిగూడిన జనం 'ద్రోహి' అని కేకలేశారు. పోలీసులు వాళ్లను ఈడ్చి పక్కకు పంపాల్సి వచ్చింది. కేకలేసినవాళ్లు టర్కీవాళ్లు కాదు, ఫ్రాన్స్‌లో స్థిరపడ్డ అర్మేనియన్లే. లాస్ ఏంజెలెస్, బేరూత్‌లలోనూ ఆయనకు ఇలాంటి స్వాగతమే దొరికింది. 1993 నుంచి మూతపడి ఉన్న టర్కీ సరిహద్దు తెరిపించే ఒప్పందం మీద సంతకం పెడతాననడమే ఆయన చేసిన తప్పు.

కోమిటాస్ విగ్రహం దగ్గరే గొడవ జరగడానికి కారణముంది. ఊరూరా తిరిగి అర్మేనియన్ జానపద గీతాలు సేకరించిన ఈ ఫాదర్‌ని, 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో, అప్పట్లో టర్కీని ఏలిన ఒట్టోమన్ ప్రభుత్వం అరెస్టు చేసింది. ఆ రోజు పట్టుకెళ్లిన మేధావుల్లో చాలామంది తిరిగి రాలేదు. కోమిటాస్ వచ్చారు గానీ మతి నిలవలేదు. చివరికి 1935లో పారిస్‌లోనే కన్నుమూశారు. ఆ అరెస్టులతో మొదలైన అర్మేనియన్ల ఊచకోతల్లో, తరిమేసిన ఎడారి దారుల్లో పోయినవాళ్లు 15 లక్షల దాకా ఉంటారని అర్మేనియన్ల లెక్క. అది జాతి నిర్మూలన కాదని టర్కీ ప్రభుత్వం ఇప్పటికీ అంటోంది. జ్యూరిక్‌లో అక్టోబర్ 10న సంతకాలైన ఆ ఒప్పందంలో, చరిత్రను పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేద్దామన్న మాట ఉంది. తాతల్ని చంపారా లేదా అన్నది కమిటీ వేసి తేలుస్తారా అని ప్రవాసులకు ఒళ్లు మండింది. ఆ మంటను నేను తప్పుపట్టను.

ఒక సంగతి మనలాంటి బయటివాళ్లకు వెంటనే తట్టదు. అమెరికా, ఫ్రాన్స్, లెబనాన్ అర్మేనియన్లలో చాలామంది మూలాలు నేటి అర్మేనియాలో లేవు. వాళ్ల తాతముత్తాతలది వాన్, ఖర్పుట్, మరాష్. అవన్నీ ఇప్పుడు టర్కీలో ఉన్నాయి. విదేశాల్లో ఉంటున్న మన తెలుగువాళ్లం సెలవులకు గుంటూరో కరీంనగరో వెళ్లినట్టు వెళ్లడానికి వాళ్లకు సొంతూరంటూ మిగల్లేదు. కాలిఫోర్నియాలో అర్మేనియన్లు ఎక్కువున్న గ్లెండేల్‌లో ఏప్రిల్ 24న స్కూళ్లకు సెలవిచ్చేది అందుకే. 1915లో జరిగింది జాతి నిర్మూలనే అన్న గుర్తింపు కోసం పోరాటం వాళ్ల సొంత వ్యవహారం. అర్మేనియా రాజధాని యెరెవాన్‌లో ఏ ప్రభుత్వం ఉన్నా, దాని అనుమతి వాళ్లకు అక్కర్లేదు.

ఆ పోరాటం ఎంత ఓపికతో చేశారో చూస్తే ముచ్చటేస్తుంది. 2007లో గుర్తింపు తీర్మానం అమెరికా ప్రతినిధుల సభ కమిటీ దాటింది గానీ, టర్కీలోని ఇన్‌జిర్లిక్ వైమానిక స్థావరం చేజారుతుందేమోనని బుష్ ప్రభుత్వం అడ్డుపడింది. ఒకప్పుడు గుర్తింపుకు మద్దతిచ్చిన సభ్యుడు డిక్ గెప్‌హార్ట్, పదవి దిగాక టర్కీ తరఫు లాబీయిస్టు అయ్యారు. వాషింగ్టన్‌లో ఇదేమీ వింత కాదు లెండి. చివరికి 2019 అక్టోబర్ 29న సభ 405-11తో తీర్మానం ఆమోదించింది. డిసెంబర్‌లో సెనేట్, 2021 ఏప్రిల్ 24న అధ్యక్షుడు బైడెన్ అదే మాటన్నారు. అయితే 2019లోనే ఎందుకు? ఆ నెలలోనే టర్కీ సైన్యం ఉత్తర సిరియాలోకి చొరబడింది, అంతకుముందే రష్యా నుంచి ఎస్-400 క్షిపణులు కొంది. అంకారా మీద వాషింగ్టన్‌కు కోపమొచ్చినప్పుడే 1915 గుర్తొచ్చింది. న్యాయం గెలిచిందని సంబరపడేవాళ్లు ఈ ముక్క మర్చిపోకూడదు.

ఎందుకంటే 2023 సెప్టెంబర్‌లో అజర్‌బైజాన్ సైన్యం దాడి చేసినప్పుడు, అజర్‌బైజాన్‌లో అర్మేనియన్లు ఉండే నగర్నో-కరబాఖ్ ప్రాంతం నుంచి లక్షమందికి పైగా అర్మేనియన్లు వారం పదిరోజుల్లో ఇళ్లు వదిలి వచ్చేశారు. అప్పటికి గుర్తింపు తీర్మానాలు అమెరికాలో ఉన్నాయి, ఫ్రాన్స్‌లో ఉన్నాయి, జర్మనీలో ఉన్నాయి. ఒక్కటీ అడ్డుపడలేదు.

నాకు పేచీ ఉన్నది సరిహద్దు దగ్గర. అర్మేనియాలోని గ్యుమ్రి నుంచి టర్కీలోని కార్స్ 70 కిలోమీటర్లు. రైలు పట్టాలున్నాయి, రైలు 1993లో ఆగిపోయింది. టర్కీ సరుకు జార్జియా మీదుగా చుట్టు తిరిగి యెరెవాన్ చేరుతుంది, ఆ రవాణా ఖర్చు కొనేవాడి నెత్తిన పడుతుంది. 1915 తర్వాత వేలమంది అనాథ పిల్లల్ని అమెరికన్ సహాయ సంస్థ సాకింది ఈ గ్యుమ్రిలోనే. ఈ ఊరివాళ్లకు చరిత్ర గ్లెండేల్ వాళ్లు నేర్పాలా? 2023 ఫిబ్రవరి భూకంపం తర్వాత సరిహద్దులోని మర్గారా వంతెన మీదుగా అర్మేనియా సహాయ లారీలు టర్కీకి వెళ్లాయి, ముప్పై ఏళ్లలో మొదటిసారి. ఆ వంతెన మీద గేటు తీయాలా వద్దా అన్నది అక్కడ బతికేవాళ్లు తేల్చుకోవాలి.

నిజానికి జ్యూరిక్ ఒప్పందం అటకెక్కింది ప్రవాసుల వల్ల కాదు. కరబాఖ్ సంగతి తేలేదాకా ఆమోదించేది లేదని అంకారాయే మొండికేసింది. అయినా సొంత అధ్యక్షుణ్ణి ద్రోహి అన్న కేక మిగిలిపోయింది.

ఇస్తాంబుల్‌లో 'అగోస్' పత్రిక నడిపిన టర్కీ అర్మేనియన్ హ్రాంట్ డింక్ ఈ మాట మనకన్నా ముందే చెప్పారు. టర్కుల మీద ద్వేషాన్ని వదిలించుకుని, ఆ శక్తిని అర్మేనియాకు పెట్టమని ప్రవాసులకు రాశారు. ఆ వ్యాసాన్నే పట్టుకుని టర్కీ కోర్టు ఆయన టర్కుల్ని అవమానించారని శిక్ష వేసింది! 2007 జనవరి 19న పత్రిక ఆఫీసు ముందే కాల్చి చంపారు.

దూరాన ఉండి దేశాన్ని ఊహించుకోవడం అర్మేనియన్లకు కొత్త కాదు. ప్రపంచంలో మొదటి అర్మేనియన్ పత్రిక 1794లో వెలువడింది మన మద్రాసు నుంచే. అప్పటికింకా లేని అర్మేనియా దేశానికి రాజ్యాంగం రాసిన షహమీర్ షహమీరియన్ కూడా మద్రాసు వర్తకుడే. ఆ ఊహలో తప్పులేదు. మనమూ తెలంగాణ కోసం, అమరావతి కోసం ఇక్కడి పార్కుల్లో ప్లకార్డులు పట్టుకున్నాం. సాయంత్రానికి ఇంటికెళ్లి భోంచేశాం. బస్సులు ఆగిపోయింది, పంట పొలాలు పోయింది అక్కడివాళ్లకి.

అర్మేనియా ప్రధాని పషిన్యాన్ 2025లో, అంతర్జాతీయ గుర్తింపు ఇప్పుడు మా ప్రాధాన్యం కాదన్నారు. విదేశాంగ విధానంగా అది ఆయన ఇష్టం, ఓటేసినవాళ్లకు జవాబు చెప్పుకుంటారు. కానీ అదే ఏడాది జనవరిలో జ్యూరిక్‌లో, 1939లో లేని ఈ జాతి నిర్మూలన అజెండా 1950కల్లా ఎలా వచ్చిందని అడగడం నాకు నచ్చలేదు. పక్కింటి గేటు తెరిపించుకోవడానికి సొంతవాళ్ల చావుల మీద అనుమానం పుట్టించనక్కర్లేదు.

ప్రవాసులు వాషింగ్టన్‌లో తమ పని ఆపక్కర్లేదు. సరిహద్దు మూసింది టర్కీ. 405 ఓట్లు కూడగట్టినవాళ్లు, దాన్ని షరతులు లేకుండా తెరవమని అంకారా మీద ఒత్తిడి తెమ్మని అదే కాంగ్రెస్‌ని అడగొచ్చు. ఆ డిమాండ్‌కు గ్యుమ్రిలో ఎవరూ అడ్డు చెప్పరనుకుంటా.