ఎలుక కొరికితే వర్తించదు

షోరూంలో రెండు గంటలపాటు కారును ఆకాశానికెత్తిన నోరే, పైసలు కట్టే బల్ల దగ్గరికి రాగానే అదే కారు చావు గురించి మాట్లాడుతుంది. అప్పటిదాకా ఆ సేల్స్ పిల్లగాడు ఇంజిన్ గురించి దిగులే వద్దన్నాడు. గేర్‌బాక్సును జన్మలో ముట్టుకునే పని పడదన్నాడు. మన చేతికి పెన్ను రాగానే మొదలుపెడతాడు: "సార్, మూడేళ్లు దాటినంక ఈసీఎం, అదే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు, పోయిందనుకోండి. ఏసీ కంప్రెసర్ పోయిందనుకోండి. స్టీరింగ్ మోటారు పోయిందనుకోండి." ఇంటిల్లిపాది కొత్త బట్టలేసుకుని ఎదురుగా కూర్చుంటే, ఇంకా నంబరు కూడా పడని బండికి తద్దినాల లెక్క చెబుతున్నాడు.

దీన్ని ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటారు. నల్లగొండలో, మిర్యాలగూడలో, జడ్చర్లలో, మహబూబ్‌నగర్‌లో, ఎక్కడ కారు కొన్నా నెత్తిన పడుతున్న ఈ విద్యను తేలిగ్గా తీసిపారేయకూడదు గనుక గౌరవంగానే పరిశీలిద్దాం.

కంపెనీ వారంటీ ఎట్లాగూ ఉంటుంది. మారుతి కూడా 2024 జూలై నుంచి 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు ఇస్తోంది. అంతకుముందు 2 ఏళ్లు, 40 వేల కిలోమీటర్లే. దాని మీద ఇంకో రెండు మూడేళ్లు పొడిగిస్తాం, ఇప్పుడే పైసలు కట్టండి అంటారు. వాళ్ల నమ్మకానికి దండం పెట్టాలి. పదేళ్లలో నల్లగొండ బండి నంబరే ఏపీ 24 పోయి టీఎస్ 05 అయ్యి, 2024లో టీజీ 05 అయ్యింది. ప్లేటు మీది అక్షరాలకే భరోసా లేని చోట, ఆరో ఏట నా ఏసీ గురించి ఇవాళే హామీ ఇస్తున్నారు.

ఇక కొటేషన్ కాగితం చూడండి. ఎక్స్ షోరూం ధర, లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు, ఫాస్టాగ్. వీటి మధ్యలో ఎక్కడా తడబడకుండా ఈ వారంటీ గీత. చూసినవాడు ఇది కూడా సర్కారు వేసిందే అనుకోవాలి. అడిగితే "కంపల్సరీ సార్" అంటాడు. కంపల్సరీ ఏదో నేను చెబుతా: 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు 3 ఏళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కంపల్సరీ. అది కూడా వాళ్ల దగ్గరే తీసుకోవాలని లేదు. వారంటీ పొడిగింపు తప్పనిసరని ఏ చట్టమూ చెప్పలేదు. పైగా దీన్ని మెల్లగా లోన్‌లో కలిపేస్తారు. "ఈఎంఐకి మూడు నాలుగు వందలే పెరుగుతుంది సార్." అంటే నాలుగో ఏట వస్తుందో రాదో తెలియని రిపేరుకు మనం ఈ నెల నుంచే బ్యాంకుకు వడ్డీ కడతామన్నమాట. ఇంత ముందుచూపు మన చెరువుల పూడికతీతలో ఉంటే ఎంత బాగుండేది.

అన్నిటికంటే నాకు నచ్చింది వర్తించని వాటి జాబితా. దాన్ని రాసినాయన ఏసీ గదిలో కూర్చుని రాయలేదు, నేను ఒట్టేసి చెప్పగలను. వరికోతల కాలంలో మా జిల్లా అంతా తిరిగి, బండ్లకు ఏమేం అవుతాయో కళ్లారా చూసి, ఒక్కొక్కటీ తీసేశాడు. వడ్ల బస్తాలున్న ఇంట్లో ఎలుకలుంటాయి, అవి బానెట్‌లో దూరి వైర్లు కొరుకుతాయి: వర్తించదు. వానకు వాగు పొంగి ఇంజిన్‌లోకి నీళ్లు పోయాయి: వర్తించదు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ బండరాళ్లు పేర్చితే, రాత్రిపూట ఒక రాయి బండి అడుగున తగిలింది: బయటి దెబ్బ, వర్తించదు. క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, వైపర్ రబ్బర్లు అరుగుదల సరుకు. టైర్లు, బ్యాటరీ వాటిని తయారుచేసినవాళ్లు చూసుకోవాలి. తక్కువకు వస్తుందని బయట రివర్స్ కెమెరా పెట్టించి ఒక వైరు కోయించామా, ఇక కరెంటుకు సంబంధించి ఏది పోయినా వేలు మన వైపే.

కొత్త బండిని మనం ముందు పూజకు యాదగిరిగుట్టకో, చెర్వుగట్టుకో, కాదంటే ఊళ్లో హనుమాండ్ల గుడికో తీసుకుపోతాం కదా. ఆ అయ్యగారికి కూడా షోరూం వాళ్లు ట్రైనింగ్ ఇస్తే ఎట్లుంటుందో అని ఈమధ్య తెగ ఆలోచిస్తున్నాను.

"నిమ్మకాయలు ఎక్కడివి?"

"నకిరేకల్ మార్కెట్‌లో కొన్నా అయ్యగారూ."

"బయటి కాయలా? ఇక్కడి ఆథరైజ్డ్ కాయలే టైర్ల కింద పెట్టాలి. బయటివి తొక్కిస్తే పూజ చెల్లదు. సరే, బిల్లుందా?"

"నిమ్మకాయలకు బిల్లేంది అయ్యగారూ?"

"అదే మరి. పదివేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందయితే అప్పుడు బండిని గుడికి తేవాలి. పోయినసారి తొలి ఏకాదశికి రావాల్సినోడివి నాలుగు రోజులు దాటినంక వచ్చినవు. ఆ నాలుగు రోజులల్ల దిష్టి లోపలికి దిగిపోయింటది."

"మా అత్తమ్మ చూసి అబ్బ ఎంత బాగుందో అన్నది, దానికేమన్న చేస్తరా?"

"చుట్టాల దిష్టి మామూలు అరుగుదల కింద పోతది. పరాయోళ్లదైతే చూద్దాం. దిష్టి తగిలిన జాగ ఫోటో తీసి పైకి పంపాలె, అప్రూవల్ రావాలె."

"పైకంటే, దేవునికా?"

"రీజినల్ ఆఫీసుకు. ఇంకోటి, బండి నీళ్లల్ల మునిగితే హనుమాండ్లకు సంబంధం లేదు. అది వరుణుడి డిపార్ట్‌మెంటు, ఇన్సూరెన్సుల అడుక్కో. గుమ్మడికాయ కొట్టినంక ముక్క జారి బండి పక్కకు పోతే అది డ్రైవర్ తప్పు. ఇక్కడొక సంతకం పెట్టు బిడ్డా, ఇక్కడొకటి, వెనుక పేజీల ఒకటి."

నిజానికి మా అయ్యగారు రెండు వందలు తీసుకుని, ఏ కాయలు తెస్తే ఆ కాయలే తొక్కించి, "మెల్లగ తోలు బిడ్డా" అంటాడు. బండి ఎక్కువ కాలం రావడానికి పనికొచ్చే మాట షోరూంలో అంతసేపు కూర్చున్నా ఒక్కరూ అనలేదు.

అసలు తీసుకోవాలా వద్దా అని అడిగేవాళ్లకు సూటిగానే చెబుతా. టర్బో ఇంజిన్, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, సన్‌రూఫ్, టీవీ అంత స్క్రీను ఉన్న బండైతే తీసుకోండి. అవి పోతే వచ్చే బిల్లు మామూలుగా ఉండదు. చిన్న పెట్రోలు మాన్యువల్ బండికి, ఏడాదికి ఏడెనిమిది వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అంత తొందరేం లేదు. తీసుకున్నా కంపెనీదే తీసుకోవాలి, డీలరు సొంతంగా అంటగట్టేది కాదు. చాలా కంపెనీలు మొదటి వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా కొననిస్తాయి, ఆలస్యమైన కొద్దీ ధర కొంత పెరుగుతుంది. డెలివరీ రోజే కొనకపోతే లోకం మునగదు. ఈ ముక్క మాత్రం ఏ సేల్స్ పిల్లగాడూ చెప్పడు. ఆ పిల్లగాణ్ని అని లాభం లేదు, వాడి నెత్తిన నెలనెలా టార్గెట్ పెట్టినవాళ్లు వేరే ఉన్నారు.

నవ్వులాట ఇక్కడికి చాలు. నాకు తెలిసిన పాలమూరు పిల్లగాడు ఒకడున్నాడు. వాళ్ల బాపు ముంబైలో, పుణెలో మట్టి మోసి పెంచిన కొడుకు. పట్నంలో తోలుకుందామని లోన్ మీద పసుపు ప్లేటు బండి తీసుకున్నాడు. కంపల్సరీ అంటే వారంటీకి కూడా కట్టాడు. క్యాబ్ అంటే నెలకు ఐదారు వేల కిలోమీటర్లు తిరుగుతుంది. మూడేళ్లు అని పెద్దగా రాసిన కంపెనీ వారంటీ లక్ష కిలోమీటర్ల లెక్కన ఏడాదిన్నరకే చేతులు దులుపుకుంది. పొడిగించిన వారంటీ ఇట్లా మొదలయ్యిందో లేదో స్టీరింగ్ మోటారు పోయింది. బండి తీసుకుపోతే, ఒక సర్వీసు 1,500 కిలోమీటర్లు లేటుగా చేయించావు, క్లెయిమ్ రాదు అన్నారు. ఇంజిన్ ఆయిలు లేటుగా మారిస్తే, కరెంటు మీద నడిచే, ఆ ఆయిలు చుక్క కూడా తాకని స్టీరింగ్ మోటారు ఎట్లా కాలుతుందయ్యా? మెకానిక్కు తెలుసు, మేనేజరుకు తెలుసు. తెలిసే అన్నారు. బండి ఆగితే వాడి ఈఎంఐ ఆగదని కూడా తెలిసే అన్నారు. మొగులు చూసి వ్యవసాయం, కాలం చూసి వలస పోయే కుటుంబం దగ్గర "మీకు టెన్షన్ ఉండదు" అని పైసలు తీసుకుని, టెన్షన్ వచ్చిన రోజు రూల్ బుక్కు తీసేవాళ్లకు సిగ్గుండాలి. కొనేనాడు ఆ బుక్కు ఎందుకు తీయలేదు? అప్పుడు కేకు కోయించారు, అట్టముక్కతో చేసిన ఇంత పెద్ద తాళంచెవి చేతికిచ్చి ఫోటో తీశారు. ఆ పది నిమిషాల్లో ఒక నిమిషం వర్తించని జాబితా చదివి వినిపిస్తే ఏం పోయేది?

వాడితో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయించాను. మహబూబ్‌నగర్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, నల్లగొండలోనూ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, పట్నం తిరగనక్కర్లేదు. కొన్న సరుకు, సేవల విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. కేసు వేయాలంటే షరతుల కాగితం కావాలి కదా, చదువుకోవడానికి తెలుగులో ఒకటి ఇప్పించమని షోరూం వాళ్లను అడిగాం. తెలుగులో లేదన్నారు, ఇంగ్లీషుది కూడా మెయిల్‌కు వచ్చి ఉంటుంది చూసుకోమన్నారు. గట్టిగా అడిగితే లోపలికి పోయి వెతికి, తెలుగులో ఉన్నది ఇదొక్కటే అని ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టారు. దసరా ఆఫర్ పాంప్లెట్.