మూడు ఎనిమిదుల లెక్కలో ఇంటిపని ఎక్కడ?

ఫోన్లలో తెగ తిరుగుతున్న సందేశం ఒకటుంది. "అందరికీ రోజుకు ఉన్నవి 24 గంటలే. 8 ఉద్యోగానికి, 8 నిద్రకి, 8 కుటుంబానికి. ఐదింటికల్లా లేవండి. ఒకేసారి రెండు పనులు చక్కబెట్టండి. టైమ్ లేదనడం సాకు." ఇదీ దాని సారాంశం. వినడానికి బాగానే ఉంటుంది.

ముందు ఆ మూడు ఎనిమిదుల సంగతి. 1817లో రాబర్ట్ ఓవెన్, స్వయంగా మిల్లు నడిపిన మనిషి, ఎనిమిదేసి గంటలు పని, వినోదం, విశ్రాంతి అన్నాడు. యజమాని ఎంతసేపు పని చేయించుకోవచ్చో చెప్పే హద్దు అది. ఇప్పుడు దాన్నే తిప్పి ఉద్యోగి నెత్తిన రుద్దుతున్నారు, ఏదో మన ప్లానింగే బాలేదన్నట్టు. పైగా ఆ నినాదంలో ఇంటిపని ఊసే లేదు. మూడో ఎనిమిది తీసుకోండి: రానూపోనూ ప్రయాణం రెండు గంటలు, మధ్యాహ్నం విరామం గంట, స్నానం, తయారవడం గంట, వంట, అంట్లు, బట్టలు రెండున్నర. మిగిలింది గంటన్నర. హోంవర్కు కూడా అందులోనే.

ఇక "అందరికీ 24 గంటలే". అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం జీతం లేని ఇంటిపనికి, సంరక్షణకు ఆడవాళ్లు రోజుకు సగటున 4 గంటల 25 నిమిషాలు, మగవాళ్లు 1 గంట 23 నిమిషాలు పెడుతున్నారు. గడియారానికి దొరకనిది ఇంకోటి ఉంది, గుర్తుపెట్టుకోవడం. పాపకి బూట్లు బిగుతయ్యాయి, టీకా తేదీ దగ్గరపడింది, నాన్నగారి బీపీ మాత్రలు నాలుగే మిగిలాయి. మీటింగ్‌లో కూర్చున్నా ఇవన్నీ ఎవరో ఒకరి బుర్రలో తిరుగుతూనే ఉంటాయి. "నాకు చెబితే చేసేవాణ్ణిగా" అనేవాళ్లకి ఆ చెప్పడం కూడా ఒక పనే అని తట్టదు. టీకాల బాధ్యత తీసుకుంటే తేదీ చూసుకోవడం, అపాయింట్‌మెంట్, సెలవు పెట్టడం, ఆ రాత్రి జ్వరం చూసుకోవడం అన్నీ కలిపి తీసుకోవాలి. నా దృష్టిలో ఏ టైమ్‌టేబుల్ కన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది.

ఐదింటికి లేవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. పడుకునేసరికి పన్నెండయ్యే మనిషిని ఐదింటికి లేపితే అప్పు చేసి అప్పు తీర్చినట్టే.

ఒకేసారి రెండు పనులా? ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసు కొంత మొదటిదాని దగ్గరే ఉండిపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో ప్రయోగాలతో చూపించారు. పిల్లకి లెక్క చెబుతూ ఆఫీసు మెయిల్ చూస్తే జరిగేది తెలిసిందే. పిల్ల మూడోసారి అడిగాక "ఆఁ, ఏంటమ్మా?" అంటాం. మెయిల్లోనూ అటాచ్‌మెంట్ మర్చిపోతాం.

చివరిది, సాకు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి 35-40 గంటలవాళ్లకన్నా పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, కార్మిక సంస్థ 2021లో తేల్చాయి. డ్యూటీ అయ్యాక ఆఫీసు ఫోన్లకి దూరంగా ఉండే హక్కుని ఫ్రాన్స్ 2017 నుంచి చట్టంలోనే పెట్టింది. రేపటి షిఫ్టు ఏదో ఈ రాత్రికి గానీ తెలియని నర్సుకి "ప్లాన్ చేసుకో" అని ఈ సందేశం పంపేవాళ్లు, ఆ రోస్టరు వేసేవాళ్లకి ఎప్పుడైనా పంపారా?