పులుసులో రెండోసారి ఉప్పు వేసిందెవరు?

దేశంలో తేలని వ్యవహారాలు చాలా ఉన్నాయి. నదీజలాల వాటాలున్నాయి, సర్వే నంబర్ల తగాదాలున్నాయి, మా మూలాపేటలో రెండిళ్ల మధ్య ప్రహరీ గోడ ఎవరిదో మూడు తరాలుగా తేలలేదు. వాటి జోలికి నేను పోను. వాటికి కోర్టులున్నాయి. ఏ కోర్టూ పట్టించుకోని కేసు ఒకటుంది కాబట్టి కలం పట్టాల్సొచ్చింది. మొన్న బుధవారం రాత్రి ఒక టీవీ షోలో, చేపల పులుసులో రెండోసారి ఉప్పు వేసిందెవరో ఇంతవరకూ ప్రజలకు చెప్పలేదు.

షో పేరు రాయను. మీకు తెలుసు. "నేను చూడనండీ, మా ఆవిడ చూస్తుంటే కనపడద్ది" అనే పెద్దమనుషులకు మరీ బాగా తెలుసు. నేనూ ఆ బాపతే. మా ఆవిడ చూస్తుంటే నాకు కనపడద్ది. ఆవిడ పడుకున్నాక కూడా కనపడద్ది.

కేసు వివరాలు మనవి చేస్తాను. ఒక ఇల్లు, పన్నెండు మంది మనుషులు. ఫోన్ లేదు, పేపర్ లేదు, గోడ గడియారం కూడా లేదు. గోడగోడకీ కెమెరా, అద్దం వెనక కెమెరా, మెడమెడకీ మైకు. ఆ వారం సరుకుల్లో చేపలొచ్చాయి. ఒకమ్మాయి పులుసు పెడతానంది. పెట్టిన తీరు మీద నెల్లూరు వాడిగా నాకు వేరే అభ్యంతరాలున్నాయి. ముక్కలు వేశాక గరిటె పెట్టి తిప్పింది. చట్టి అంచులు గుడ్డతో పట్టుకుని కుదపాలి తల్లీ, గరిటె పెడితే ముక్క చెదిరిపోద్ది. మామిడికాయ లేదు. మెంతిపొడి లేదు. సరే, చిన్నపిల్ల, వదిలేద్దాం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నతను ఉమ్మేశాడు. ఉప్పు కషాయం.

"నేను ఒక్కసారే వేశా" అంది అమ్మాయి.

"మరి రెండోసారి ఎవరేశారు?" అన్నాడతను.

డప్పు మోగింది. పన్నెండు ముఖాలూ ఒకదాని వెనక ఒకటి, ఒక్కోటి మూడేసి సార్లు చూపించారు. ఆఖర్న సోఫా మూల కూర్చున్న ఒకతను ఎడమ కనుబొమ్మ ఎత్తాడు. కెమెరా ఆ కనుబొమ్మ దగ్గరికి పోయింది. ఇంకా దగ్గరికి పోయింది. వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. అప్పుడు ప్రకటనలు.

సబ్బు అయింది, బంగారం తాకట్టు అయింది, ఇంకో సబ్బు అయింది. తిరిగొచ్చేసరికి ఆ ఇంట్లో తెల్లారింది. పాట మోగుతోంది, పన్నెండు మందీ పైజమాల్లో డాన్సులు. రాత్రి "నీ ముఖం చూడను" అన్నతను ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పుతున్నాడు. రాజీ ఎప్పుడైంది? మధ్య ఎవరు కూర్చున్నారు? ఎవరు తగ్గారు? మా వైపు చేపల పులుసు వండిన రోజు కంటే మర్నాడు బాగుంటుందంటారు. వీళ్లు గొడవను కూడా మర్నాటికి దాచిపెడతారేమో, ఊరనీలే అని ఎదురుచూశాను. మర్నాడు నామినేషన్లు. ఆ మర్నాడు బంతులాట.

మన ఊళ్లో కూర్చుని కథ చెప్పినవాడు తిక్కన. విరాటపర్వం దగ్గర ఎత్తుకుని 15 పర్వాలు రాశాడు. కీచకుడి సంగతి తేల్చాకే ముందుకు కదిలాడు తప్ప, ద్రౌపది కళ్లనీళ్ల దగ్గర ఆపి "విరామం తర్వాత" అనలేదు. ఆయనకు ప్రకటనలు లేవులెండి.

ఈ షోల మూలపురుషుడు 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టాడు. 2017లో బిగ్‌బాస్ పేరుతో తెలుగింటికొచ్చాడు. అప్పట్నుంచీ ఈ జాతి షోలన్నిటికీ పద్ధతి ఒకటే: రోజంతా తీయాలి, రాత్రికి గంట చూపించాలి. 24లో 1 తీస్తే 23. ఒక్క కెమెరా లెక్కనే చెప్తున్నా, మిగతావి కలిపితే నా లెక్కల మాస్టారు పైలోకం నుంచి దిగిరావాలి. ఆ 23 గంటల్లో ఎక్కడో ఒకచోట ఒక చెయ్యి ఉప్పు డబ్బాలోకి పోయింది. అర నిమిషం. ఆ అర నిమిషం ఒక హార్డ్ డిస్క్‌లో భద్రంగా ఉంది. దాన్ని చూసిన ఎడిటర్ ఒకడు హాయిగా అన్నం తిని నిద్రపోతున్నాడు. నాకు మాత్రం నిద్ర లేదు. 2022లో ఓటీటీలో 24 గంటలూ ప్రసారం అన్నప్పుడు నాలాంటి అమాయకులు సంబరపడ్డారు. 24 గంటలైనా తెర ఒకటే కదా, ఏ గది చూపించాలో మీట నొక్కేవాడు ఒకడుంటాడు కదా. పులుసు ఉడికేటప్పుడు వాడు స్విమ్మింగ్ పూల్ చూపిస్తే మనం నీళ్లు చూస్తూ కూర్చోవాలి.

ఇక కనుబొమ్మ. దాన్ని నేను పదిహేడు సార్లు ఆపి చూశాను. (మా ఆవిడ లెక్క ముప్పై.) పులుసు తినేటప్పుడు అతను వేసుకున్నది పసుప్పచ్చ చొక్కా. కనుబొమ్మ ఎత్తినప్పుడు కాలర్ కొస కొంచెం కనపడద్ది, అది నీలం. అంటే కనుబొమ్మ బుధవారానిది కాదు. సోమవారం ఏ దోమనో చూసి ఎత్తిన కనుబొమ్మను తెచ్చి బుధవారం పులుసు మీద పెట్టారు. ఆ పిల్లవాడు ఇప్పుడు రాష్ట్రమంతటా ఉప్పు దొంగ. ట్రంకు రోడ్డులో నేను టీ తాగే చోట బహుమతి పందేలు కూడా అతని మీదే. "కళ్లతోనే నేరం ఒప్పుకున్నాడన్నా" అన్నాడు టీ పోసే అబ్బాయి. చొక్కా సంగతి చెప్పాను. "అయితే సోమవారమే ప్లాన్ వేశాడన్నమాట" అన్నాడు.

ఈ విద్య కొత్తదేం కాదు. దాదాపు నూరేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేని ముఖం తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటికలో పిల్ల, ఒకసారి సోఫా మీద అమ్మాయి బొమ్మ అతికించాడట. చూసినవాళ్లు ఆకలి ఎంత బాగా పలికించాడు, దుఃఖం ఎంత బాగా పలికించాడు అని మెచ్చుకున్నారట. ముఖం మాత్రం ఒకటే. ఆయన సూప్‌తో ఆపాడు, మనవాళ్లు పులుసు దాకా తెచ్చారు.

మాటలకూ ఇదే వైద్యం. అమెరికాలో ఈ పనివాళ్లు దానికి ఫ్రాంకెన్‌బైట్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. శవాల ముక్కలు కుట్టి ఒక మనిషిని లేపినట్టు, సోమవారం మాటకు గురువారం మాట కుట్టి ఒక వాక్యాన్ని లేపుతారు. గుర్తు పట్టడం తేలికే. మాట వినపడేటప్పుడు నోరు కనపడదు. వీపు కనపడద్ది, లేదా కుండీలో మొక్క. మన పులుసు అమ్మాయి "నాకందరూ ఇష్టమే, కానీ" అన్నప్పుడు ముఖం ఉంది. "అతన్ని భరించలేను" అన్నప్పుడు తెర మీద అక్వేరియం ఉంది. ఆ రెండో ముక్క చేప అన్నదేమో నాకు తెలియదు. వండినవాళ్ల మీద దానికి కోపం ఉంటే ఉండొచ్చు.

ఆదివారం మా ఇంట్లోనూ ఇదే నేరం జరిగింది. అమ్మ పులుసు పెట్టింది, ఉప్పు ఎక్కువైంది. విచారణ మొత్తం ఇది:

"ఎవర్రా మళ్లీ ఉప్పేసింది?"

"నేనే అత్తయ్యా, మీరు వేశారో లేదోనని" అంది మా ఆవిడ.

"అడగబళ్లా తల్లీ. సరే, ఆ చింతపండు ఇంకాస్త పిండు, మామిడికాయ రెండు ముక్కలు తరిగి పడెయ్."

అయిపోయింది. అందరం తిన్నాం. మొత్తం అర నిమిషం పట్టలేదు. ఇట్లాంటి ఇంటిని ఏ ఛానలైనా కొంటుందా? ఆ ఎడిటర్ చేతికి మా వంటిల్లు ఇచ్చి చూడండి.

ముందు డప్పు. "ఎవర్రా మళ్లీ" అని అమ్మ గొంతు, మూడుసార్లు, మూడోసారి ప్రతిధ్వనితో. మా ఆవిడ ముఖం. ఆమె మామూలుగా జవాబు చెప్పిందా, ఆ జవాబు తీసెయ్యాలి. జవాబు చోట మౌనం పెట్టాలి. అమ్మ ముఖం. నా ముఖం, నేను ఆ టైములో క్రికెట్ స్కోరు చూస్తున్నా, మొదటి బంతికే వికెట్ పోయింది, ఆ ముఖం పెట్టాలి. గోడ మీద నాన్న ఫొటో, దండేసి ఉంది. నాన్న ముఖం దగ్గరికి కెమెరా పోవాలి. ఇంకా దగ్గరికి. ఆయన నవ్వుతూ దిగిన ఫొటో కాబట్టి, నవ్వుతున్నాడు. పదకొండేళ్ల కిందట పోయిన మనిషి కోడలి మీద కుట్ర చేస్తున్నాడని పొదలకూరు రోడ్డు చుట్టాలు మాట్లాడుకుంటారు. తర్వాత మా ఆవిణ్ణి ఒంటరిగా బియ్యం మూటల గదిలో కూర్చోబెట్టి "ఈ ఇంట్లో మీకు నమ్మకం పోయిందా?" అని అడగాలి. ఆమె "నమ్మకం ఎందుకు పోద్దండీ" అంటే మొదటి మాట, చివరి మాట కలిపి "నమ్మకం పోద్దండీ" అని వినిపించాలి. గుమ్మంలో సూట్‌కేసు చూపించాలి. ఆ సూట్‌కేసు మా మేనల్లుడిది, వాడు సాయంత్రం కావలి బస్సెక్కాలి, కానీ వాడి కాళ్లు కనపడకుండా కత్తిరిస్తే సరి. ప్రోమో: "మూలాపేటలో ముసలం! ఉప్పుతో విడిపోతున్న అత్తాకోడళ్లు!" పిల్లి ముఖం. ప్రకటనలు.

వారం తిరిగేసరికి మా అమ్మకు అభిమాన సంఘం, మా ఆవిడకు అభిమాన సంఘం. నాకు మాత్రం ఎవరూ ఉండరు. నేను "సేఫ్ గేమ్" ఆడుతున్నానట.

నవ్వులాట ఇక్కడిదాకా. ఆ ఇంట్లో గురువారం ఆ అమ్మాయి అరిచింది. గొంతు చిట్లేట్టు అరిచింది, పళ్లెం విసిరికొట్టింది. అది నాలుగు ప్రోమోల్లో చూపించారు. అరిపించిన మాట ఏంటో ఒక్కసారీ చూపించలేదు. ఆమె అరుపుకు ముందు ఎదుటివాడి పెదాలు కదులుతున్నాయి, అక్కడ శబ్దం కట్ చేసి డప్పు వేశారు. ఏదో అన్నాడు. ఏమన్నాడో ఆ పిల్లకు తెలుసు, వాడికి తెలుసు, ఎడిటర్‌కు తెలుసు. మనకు మాత్రం ఆమె ముక్కుపుటాలు తెలుసు, మెడ మీద నరం తెలుసు. తెల్లారేసరికి ఆమె ఫోటో కింద "గయ్యాళి", "పిచ్చిది", ఇంకా రాయలేని మాటలు. ఆమె తల్లిని, పెంపకాన్ని కలిపి తిట్టినవాళ్లు వేలమంది. ఆ తల్లి ఏదో ఊళ్లో పొద్దున్నే పాల ప్యాకెట్‌కు పోయి ఉంటుంది. అంగట్లో వాళ్లు ఆమె ముఖం వంక ఎట్టా చూసి ఉంటారో ఆలోచించారా? సగం మాట దాచి సగం మాట చూపించడం అబద్ధం కాదా? కోర్టులో ఆ పని చేస్తే జైలు. ఇక్కడ దానికి పేరు కంటెంట్, దాని మీద జీతం, బోనస్!

ఈ జిల్లాలో ఆడవాళ్లు అరిచారు. 1992లో దూబగుంటలో సారా మీద అరిచారు, చీపుళ్లు పట్టుకుని పాకల ముందు నిలబడి అరిచారు. రోశమ్మ లాంటివాళ్లు అరిచిన అరుపు జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది. వాళ్ల ఇళ్లలో అంతకు ముందు జరిగింది కత్తిరించేసి చీపుళ్లు ఒక్కటే చూపించి ఉంటే, వాళ్లు కూడా ఏదో రౌడీ మూకలా కనిపించేవాళ్లు. కారణం తీసేసిన కోపాన్ని ఎవరి ముఖం మీద పెట్టినా వికారంగానే ఉంటుంది. నాకు పులుసు మీద కోపం లేదు. దీని మీద ఉంది.

లోపల తేల్చని గొడవ బయట తేలుతుంది. 2023 డిసెంబరులో బిగ్‌బాస్ ఏడో సీజన్ ఫైనల్ రాత్రి హైదరాబాద్‌లో స్టూడియో బయట అభిమానులు అభిమానులు కలబడి ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు. పాపం ఆ బస్సులు నామినేషన్లలో కూడా లేవు.

శనివారం సూటు వేసుకుని పెద్దాయన వచ్చారు. ఇక తేలిపోద్దని మా ఇంట్లో అందరం చేరాం. "ఉప్పు విషయం మాట్లాడదామా?" అన్నారు. టీవీ శబ్దం పెంచాం. "వీడియో చూద్దామా?" అన్నారు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. వీడియో వేశారు. అదే ప్రోమో. అదే డప్పు, అదే నీలం కాలర్ కనుబొమ్మ. అయ్యాక ఆయన "ఇందులో ఎవరి తప్పుందో మీ మనస్సాక్షిని అడగండి" అని, ఒక సినిమా వాళ్లను స్టేజీ మీదకు పిలిచారు. పన్నెండు మంది మనస్సాక్షులకు మెడలో మైకు లేదు కాబట్టి అది రికార్డు కాలేదు.

అమ్మ అంతసేపూ మంచం మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. టీవీ కట్టేశాక అడిగింది:

"ఒరే అబ్బయా, ఆ రోజు ఆ పిల్లలు ఏం తిన్నారంట?"

"ఏమోమా."

"చట్టెడు పులుసు గదరా. బాగు చేసుకుని తిన్నారా, పారబోశారా?"

నాలుగు రోజుల ఎపిసోడ్లు వెనక్కి తిప్పి చూశాను. చట్టి మళ్లీ ఎక్కడా కనపడలేదు.