దానియేలు కిటికీ మూయలేదు

"సిటీలో బతకాలంటే కాస్త సర్దుకోవాలి, దేవుడికి మన పరిస్థితి తెలుసు" అనే సందేశం ఒకటి బెంగళూరు తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మారతహళ్ళిలో పీజీలో ఉండే ఒక తమ్ముడు దాన్ని నాకు పంపి, "అన్నా, ఇది వాక్యానుసారమేనా?" అని అడిగాడు.

అందులో ఉన్నవి నాలుగు మాటలు. దానియేలు అంతటివాడే పేరు మార్చుకుని బబులోను కొలువులో చేరాడు కనుక ఉద్యోగం కోసం రాజీపడటం తప్పు కాదట. దేవుడు చూసేది హృదయాన్నే గాని కాగితాలను కాదట. యేసు ప్రభువు కూడా పాపులతో కూర్చుని భోజనం చేశాడట. ఇప్పుడున్నన్ని శోధనలు పూర్వం లేవు కనుక, పడిపోయినా దేవుడు అర్థం చేసుకుంటాడట. నాలుగింటికీ బైబిలు ఆధారం ఉన్నట్టే కనిపిస్తుంది. నాకు భయం వేసింది అందుకే. వాక్యం తెలిసినవాడెవరో సగం చదివి, మిగతా సగం వదిలేసి రాసినట్టుంది.

దానియేలు తన పేరు తాను మార్చుకోలేదు. యెరూషలేము నుంచి చెరపట్టి తెచ్చిన కుర్రవాడికి రాజు అధికారి బెల్తెషాజరు అని పేరు పెట్టాడు. అది ఆయన చేతిలో లేని విషయం. తన చేతిలో ఉన్న మొదటి విషయం భోజనం. రాజు భోజనంతో, ద్రాక్షారసంతో తనను అపవిత్రపరచుకోకూడదని ఉద్దేశించుకున్నాడు. పది రోజులు శాకధాన్యాలూ నీళ్ళూ ఇచ్చి చూడమని మర్యాదగా అడిగాడు. కొలువు మాత్రం మానలేదు. ఊరు విడిచిపెట్టి అడవికి పొమ్మని దేవుడూ ఆయనకు చెప్పలేదు.

సందేశం రాసినవారు దానియేలు గ్రంథం ఆరో అధ్యాయం దాకా రాలేదు. దానియేలు చెరకు వెళ్ళింది క్రీ.పూ. 605 ప్రాంతంలో, బబులోను కూలింది క్రీ.పూ. 539లో. అంటే ఆయన ఆ నగరంలో 60 ఏళ్ళకు పైగా పనిచేశాడు. చివరికి తోటి అధికారులు ఆయన మీద నేరం మోపాలని చూశారు. వాళ్ళు ముందుగా తవ్వింది ఆయన భక్తిని కాదు, ఆఫీసు పనిని. అందులో ఒక్క తప్పూ దొరకలేదు. అప్పుడే ప్రార్థన మీద పడ్డారు. 30 రోజుల పాటు రాజుకు తప్ప ఎవరికీ విన్నపం చేయకూడదని, మీరినవాణ్ణి సింహాల గుహలో పడేయాలని శాసనం రాయించారు.

సర్దుకోవడమే దానియేలు పద్ధతి అయితే, అక్కడ సర్దుకోవడం ఎంత తేలిక! నెల రోజులు కిటికీ మూసుకుంటే చాలు. మనసులో ప్రార్థించుకుంటే ఎవరికీ తెలియదు. ఆయన మాత్రం యెరూషలేము వైపు కిటికీ తెరిచి ఉన్న గదిలో, రోజుకు మూడుసార్లు, ఎప్పటిలాగే మోకాళ్ళూనాడు. ఆ "ఎప్పటిలాగే" దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆ రోజు నిలబెట్టింది అప్పటికప్పుడు తెచ్చుకున్న ధైర్యం కాదు, ఎవరూ చూడని వేల రోజుల అలవాటు.

రెండో మాట నాకు బాగా తగిలింది. కాగితాల సంగతి నాకు తెలుసు కనుక.

ఈ ఊరు వచ్చిన రెండో ఏడాది, పన్ను మినహాయింపు కోసం ఆఫీసులో ఇంటి అద్దె రసీదులు ఇమ్మన్నారు. నేను కడుతున్నది నెలకు 4,500. రసీదుల మీద 8,000 వేశాను. ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ నంబరు అడుగుతారు, అందుకని దాటకుండా చూసుకున్నాను. పన్నెండు రసీదులూ ఒకే రాత్రి రాశాను. సిరా ఒకేలా ఉండకూడదని రెండు పెన్నులు పెట్టుకున్నాను. రూపాయి రెవెన్యూ స్టాంపులు అంటించి, వాటి మీద యజమాని సంతకం నేనే చేశాను. ఏడో రసీదు మీద సంతకం కుదరలేదని చించి మళ్ళీ రాశాను. బైబిలు ఆ బల్ల మీదే ఉంది. ఆ రాత్రి తెరవలేకపోయాను, తర్వాత చాలా రోజులు కూడా. జులైలో రిటర్ను వేసేటప్పుడు అసలు అద్దె చూపించి, తేడా పన్ను కట్టాకే మనసారా ప్రార్థించగలిగాను.

"యెహోవా హృదయమును లక్ష్యపెట్టును" అన్న మాట, కొత్త రాజును అభిషేకించడానికి సమూయేలు ప్రవక్త యెష్షయి ఇంటికి వెళ్ళినప్పటిది. పెద్దకొడుకు ఏలీయాబు ఎత్తూ రూపమూ చూసి రాజు ఇతడే అనుకున్న ప్రవక్తకు దేవుడిచ్చిన దిద్దుబాటు అది. చేతలు ఎలా ఉన్నా ఫరవాలేదన్న అనుమతి అందులో ఎక్కడుంది? అదే ఇంట్లో అభిషేకం పొందిన దావీదు తర్వాత ఒక కాగితం రాశాడు. తాను భార్యను తీసుకున్న సైనికుడు ఊరియాను యుద్ధం ముమ్మరంగా ఉన్నచోట నిలబెట్టి చావనివ్వమని సేనాపతి యోవాబుకు ఉత్తరం రాసి, దాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. దేవుడు ఆ కాగితాన్ని చూశాడు. నాతాను ప్రవక్త దావీదును గద్దించడానికి వచ్చింది అందుకే. దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతల గ్రంథం చెబుతోంది. త్రాసూ గుండ్లూ పట్టించుకున్న దేవుడు మన రసీదులూ అనుభవ పత్రాలూ పట్టించుకోడా?

మూడో మాటకు జవాబు చిన్నదే. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి ప్రభువు వెళ్ళాడు, నిజమే. ఆ రోజు మారింది జక్కయ్య. ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తాననీ చెప్పాడు. మనం ఎవరితో భోజనం చేశామన్నది కాదు, ఆ బల్ల దగ్గర నుంచి ఎవరు మారి లేచారన్నది చూడాలి.

పూర్వం ఇన్ని శోధనలు లేవన్నవారు కొరింథును మరిచిపోయారు. రెండు రేవుల మధ్య డబ్బుతో తులతూగిన గ్రీకు పట్టణం అది. విగ్రహాలకు అర్పించిన మాంసం విందుల్లో వడ్డించేవారు, ఆ విందుకు వెళ్ళకపోతే పరిచయాలు తెగిపోతాయి. శోధనతో కూడా దేవుడు తప్పించుకొను మార్గమును కలుగజేయునని పౌలు రాసింది ఆ ఊరి విశ్వాసులకే. పడిపోయి లేచినవాడికి క్షమాపణ ఉంది, దాని మీదే నేనూ నిలబడి ఉన్నాను. దాన్ని ముందే లెక్కలో వేసుకుని పడటానికి సిద్ధమవ్వడం వేరు. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అని అడిగి, అట్లనరాదని పౌలే జవాబు చెప్పాడు.

తప్పించుకొనే ఆ మార్గం చాలాసార్లు చిన్నదిగా ఉంటుంది. మా సహవాసంలో ముగ్గురు తమ్ముళ్ళు రాత్రి పదిన్నరకు ఫోన్లు హాల్లో ఛార్జింగుకు పెట్టి గదిలోకి వెళతారు. కొన్నిసార్లు ఖరీదైనదిగానూ ఉంటుంది. యజమాని భార్య పాపానికి పిలిచి పట్టుకుంటే, యోసేపు వస్త్రం ఆమె చేతిలో వదిలి పారిపోయి, చెరసాలలో పడ్డాడు.

ఈ సందేశం నాకు పంపిన తమ్ముడికి చదువు ముగిసి రెండేళ్ళు ఖాళీ. మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు పత్రం ఇప్పిస్తామని ఒకరు డబ్బు అడిగారు. "ఒక్కసారే కదా అన్నా" అన్నాడు. ఇద్దరం కూర్చుని ఆ రెండేళ్ళ ఖాళీని ఉన్నదున్నట్టు బయోడేటాలో రాశాం. నాలుగు నెలలు ఎవరూ పిలవలేదు. ఆ నెలల్లో పీజీ యజమాని లెక్కల పుస్తకం రాసిపెట్టమని, సగం అద్దె తగ్గించాడు. ఇప్పుడు కొత్తవాళ్ళకిచ్చే జీతంతో రాత్రి షిఫ్టు చేస్తున్నాడు. ఆదివారం పని ముగించుకుని నేరుగా ఆరాధనకు వస్తాడు, ఆఫీసు బ్యాగు కుర్చీ కింద పెట్టి వెనక వరుసలో కూర్చుంటాడు. పాటలయ్యేసరికి కళ్ళు మూతలు పడుతుంటే, లేచి నిలబడి వాక్యం వింటాడు.