నాలుగు వంకర్లు తిప్పితే టైర్లు వేడెక్కవు

స్పోర్ట్స్ కారు నడిపేవాళ్ల మధ్య ప్రతి చలికాలం ఒక సలహా చేతులు మారుతుంటుంది. మాటలు అటూఇటుగా మారినా సారం ఇదే: "పెర్ఫార్మెన్స్ టైర్లకు మామూలు టైర్ల కన్నా గ్రిప్ ఎప్పుడూ ఎక్కువే. చలిగా ఉంటే రోడ్డెక్కగానే రేసర్లలా నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పండి, రెండు నిమిషాల్లో వేడెక్కుతాయి. గాలి కొంచెం తగ్గిస్తే ఇంకా మంచిది. తేడా వస్తే చక్రాలు జారకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ చూసుకుంటుంది."

మొదటి మాటలో సగం నిజం ఉంది. అందుకే మిగతా మూడూ నమ్మబుద్ధేస్తాయి.

వేసవి కోసం చేసిన పెర్ఫార్మెన్స్ టైరు పొడి రోడ్డు మీద, వేడెక్కాక, నిజంగానే గొప్పగా పట్టుకుంటుంది. పేచీ అంతా "ఎప్పుడూ" అన్న మాటతోనే. రోడ్డు పైకి నున్నగా కనిపించినా దగ్గర్నుంచి చూస్తే గరుకు రాళ్ల పరుపు. రబ్బరు ఆ రాళ్ల మధ్యకు ఒదగాలి, వాటిని అంటుకోవాలి. చలికి బిగుసుకుపోయిన రబ్బరు ఈ రెండు పనులూ సరిగ్గా చేయలేదు. వేసవి టైర్ల గురించి 7 డిగ్రీల సెల్సియస్ అనే అంకె తరచుగా వినిపిస్తుంది. అదేమీ గీత గీసిన హద్దు కాదు. ఆ చుట్టుపక్కలకు వచ్చేసరికి పట్టు బాగా తగ్గిపోయి ఉంటుందని మాత్రమే దాని అర్థం. ట్రాక్ కోసం చేసిన టైర్లయితే అంతకన్నా ముందే మొండికేస్తాయి. గడ్డకట్టే చలిలో ఈ రకం టైర్లను వాడొద్దని, రోడ్డును తాకే ట్రెడ్ రబ్బరు పగుళ్లివ్వొచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు. అలాంటి ఉదయం ఆల్ సీజన్ టైర్లున్న చిన్న కారు మీకన్నా ముందే ఆగితే ఆశ్చర్యపోకండి.

ఇది తెలుసుకోవడానికి ప్రమాదం దాకా వెళ్లక్కర్లేదు. చల్లటి ఉదయం పార్కింగ్‌లో స్టీరింగ్ చివరిదాకా తిప్పి, నడక వేగంలో కారు కదపండి. వెడల్పాటి ముందు టైర్లు సాఫీగా దొర్లకుండా టక్ టక్‌మని గెంతుతున్నట్టు చేతులకు తెలుస్తుంది. మొదటిసారి అది విన్నప్పుడు స్టీరింగ్ పోయిందనుకుని టెన్షన్‌తో మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఎండెక్కాక కారు తిప్పి చూశారు, చప్పుడే లేదు. నవ్వి తాళాలు చేతిలో పెట్టారు. మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం తిరగాల్సిన కోణాలు వేరు. వెచ్చటి రబ్బరు ఆ తేడాను సాగి సర్దేస్తుంది. బిగుసుకున్నది సాగలేక జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ జారుతుంది. ఆ టక్ టక్ అదే.

ఇక వంకర్లు తిప్పే విద్య. ఇది టీవీలో రేసు చూసి నేర్చుకున్నది. ట్రాక్ మీద ప్రమాదం జరిగితే అందరి వేగం తగ్గించడానికి ముందు నడిచే సేఫ్టీ కారు వెనక రేసు కార్లు పాముల్లా మెలికలు తిరగడం నిజమే. కానీ అవి అప్పటికే వేడెక్కిన టైర్లు, చల్లబడకుండా కాపాడుకునే ప్రయత్నం అది. ఫార్ములా వన్‌లో టైర్లను పిట్‌లోనే, అంటే టైర్లు మార్చే చోటే, కరెంటు దుప్పట్లలో చుట్టి ఉంచుతారు, 2024లో పొడి ట్రాక్ టైర్లకు 70 డిగ్రీల దాకా. ఆ తర్వాత కూడా వేడిని పెంచేది స్టీరింగ్ ఒక్కటే కాదు. గట్టిగా వేగం పెంచడం, గట్టిగా బ్రేకు వేయడం, ఎర్రగా కాలిన బ్రేకు డిస్కుల సెగ రిమ్ముల గుండా టైరుకు చేరడం, అన్నీ కలిస్తేనే ఆ పని అవుతుంది.

దుప్పట్లు తీసేస్తే ఏమవుతుందో కూడా చూశాం. గంటల తరబడి సాగే రేసుల పోటీ వరల్డ్ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్ 2023లో ఈ దుప్పట్లను, అంటే టైరు వార్మర్లను నిషేధించింది. ఆ ఏడాది బెల్జియంలోని స్పా రేసు వారాంతంలో, పిట్‌లోంచి చల్లటి టైర్లతో బయటికొచ్చిన కార్లు అదుపు తప్పాయి. టొయోటా డ్రైవర్ బ్రెండన్ హార్ట్‌లీ అంతటివాడు రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో కారును గోడకు కొట్టాడు. ఆ తర్వాత లె మాన్స్ 24 గంటల రేసుకు వార్మర్లను మళ్లీ అనుమతించారు. ఎదురుగా బస్సు రాని ట్రాక్ మీద, అదే వృత్తిగా బతికేవాళ్ల పరిస్థితి అది.

రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగంలో నాలుగు మెలికలు తిప్పితే వేడెక్కేది పైపొర మాత్రమే. ఆ కాస్త వేడినీ చల్లటి రోడ్డు వెంటనే లాగేసుకుంటుంది. టైరు లోపలిదాకా వెచ్చబడేది ప్రతి చుట్టులోనూ అది నలిగి, వంగి, మళ్లీ సాగడం వల్ల. దానికి 15, 20 నిమిషాలు మామూలుగా నడపాలి. బాగా చలిగా ఉంటే వచ్చిన వేడి వచ్చినట్టే పోతుంది, ప్రయాణమంతా నడిపినా టైరు దారికి రాకపోవచ్చు. మధ్యలో అరగంట ఆపారా, లెక్క మొదటికొస్తుంది. అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఈ చిట్కా టైరుకు పట్టు అతి తక్కువగా ఉన్న నిమిషంలోనే దాన్ని పక్కకు లాగి పరీక్షించమంటుంది.

గాలి తగ్గించమనడం కూడా ట్రాక్ నుంచి అరువు తెచ్చుకున్నదే. అక్కడ టైరు బాగా వేడెక్కి ప్రెషర్ పెరుగుతుందని తెలుసు కాబట్టి ముందే తగ్గించి మొదలుపెడతారు. రోడ్డు మీద అంత పెరగదు. పైగా చలి ఆ పని ముందే చేసి పెడుతుంది. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడితే ప్రెషర్ దాదాపు ఒక పీఎస్ఐ పడుతుంది. 25 డిగ్రీల దగ్గర గాలి కొట్టించిన కారు 3 డిగ్రీల ఉదయానికి నాలుగు పీఎస్ఐ తక్కువతో నిలబడి ఉంటుంది. అందులోంచి ఇంకా తీస్తే స్టీరింగ్ బద్ధకంగా మారుతుంది, టైరు అంచులు అరుగుతాయి, గుంతలో పడితే రిమ్ము దెబ్బతింటుంది. కారు కదలకముందే కొలిచి, డోరు దగ్గరి స్టిక్కర్ మీదున్న అంకెకు సరిచేయండి, చాలు.

చివరికి ట్రాక్షన్ కంట్రోల్. ఒకసారి చలి ఉదయం బయల్దేరి పది నిమిషాలైంది, ఇంజిన్ వేడి చూపే ముల్లు మధ్యకు వచ్చింది. అంతా వేడెక్కిందనుకున్నాను. వేడెక్కింది ఇంజిన్. రౌండెబౌట్‌లోంచి బయటపడుతూ రెండో గేరులో యాక్సిలరేటర్ కాస్త నొక్కానో లేదో, వెనక భాగం పక్కకు జరిగింది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంది, అంటే సిస్టమ్ పనిచేస్తోంది. భయపడి కాలు పూర్తిగా తీసేశాను. బరువు ముందుకు వాలి వెనక టైర్లు ఇంకా తేలికయ్యాయి, కారు ఇంకొంచెం తిరిగింది. పక్క వరుస ఖాళీగా ఉండబట్టి బతికిపోయాను. ఆ సిస్టమ్ ఇంజిన్ శక్తిని తగ్గించగలదు, ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేయగలదు. కానీ ఆ బ్రేకు కూడా పనిచేయాల్సింది టైర్లు రోడ్డును తాకే అరచేతులంత నాలుగు రబ్బరు ముక్కల మీదే. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా అంతే, కదలడానికి సాయం, ఆగడానికి కాదు. పట్టు పావు వంతు తగ్గితే ఆగే దూరం మూడో వంతు పెరుగుతుంది. 40 మీటర్లలో ఆగాల్సింది 53 దాటుతుంది.

అప్పటి నుంచి మొదటి 20 నిమిషాలు కారును వాన మోడ్‌లో పెడతాను, ఒక గేరు ఎక్కువలోనే నడుపుతాను, బ్రేకు పని మలుపుకు ముందే ముగిస్తాను. వెనక ఎవరూ లేని తిన్నటి రోడ్డు దొరికితే ఒకసారి మెల్లగా బ్రేకు నొక్కి ఎంత పట్టు ఉందో చూసుకుంటాను. నెలల తరబడి చలి ఉండేచోట ఇదీ సరిపోదు, శీతాకాలపు టైర్లతో రెండో జత చక్రాలు ఉండాల్సిందే.

ఆ సలహాలో అసలు లేనిది ఇంకొకటుంది, టైరు వయసు. స్పోర్ట్స్ కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి గాడులు కొత్తవాటిలా ఉంటాయి, రబ్బరు మాత్రం ఏళ్లకొద్దీ గట్టిపడుతూ పోతుంది. రౌండెబౌట్ సంగతి జరిగాక ఇంటికొచ్చి కింద కూర్చుని చూస్తే నా వెనక టైర్ల మీద 1412 అని ఉంది, అంటే 2012లో 14వ వారం. నేను కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడు గాడుల లోతు కొలిచాను గానీ ఇది చూడలేదు. ఆ నాలుగు అంకెలు టైరు పక్కగోడ మీద DOT అనే అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్ చివర్లో ఉంటాయి. బయటివైపు కనిపించకపోతే టార్చి వేసి లోపలివైపు వెతకండి, చాలా టైర్లకు అవి ఒక పక్కనే ఉంటాయి.